ముందే బిగించిన సీసపు గుళ్లు

పక్షవాతంతో కుడిచేతి పట్టు తప్పినా మా ఆయన శనివారం చేపలకి వెళ్లడం మానలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటి నుంచి డ్యామ్‌కి మా అమ్మాయి మా ఇద్దర్నీ కారులో తీసుకెళ్లేది. ఆయనకి బాస్ చేపలంటే పిచ్చి. గాలానికి మెత్తటి రబ్బరు పురుగు గుచ్చి, దాని ముందు దారానికి తూటాలాంటి సీసపు గుండు ఎక్కించేవారు. గుండు వదులుగా ఉంటే నాచులో అదొకచోట, పురుగొకచోట చిక్కుకుంటాయి. అందుకని గుండు బెజ్జంలో పుల్ల దోపి బిగించాలి. అందరూ టూత్‌పిక్ వాడితే, ఈయనకి మాత్రం మా కొబ్బరి చీపురు పుల్లే కావాలి.

ఆ ఒక్క పుల్లకి అరగంట పట్టేది. వేళ్లు వణికి గుండు గడ్డిలో పడితే మళ్లీ వెతుక్కునేవారు. నేను చూడలేకపోయాను. ఒక శుక్రవారం ఆరు గాలాలకి గుళ్లు బిగించి డబ్బాలో సర్దాను.

మర్నాడు గట్టు మీద డబ్బా తెరిచి చాలాసేపు చూశారు.

"ఎవరు చేశారే?"

"నేనేనండీ. గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి."

ఎడమచేత్తో లాగారు. గుండు కదల్లేదు.

"నాకంటే బాగా బిగించావు. ఇంక నా చేత్తో పనేముంది? ఇంటికి పదవే."

ఆ సాయంత్రమే సూదితో పొడిచి ఆరు పుల్లలూ తీసేశాను. గుళ్లూ పుల్లలూ ఆయన కుర్చీ పక్కన పెట్టి, "ఊడిపోయాయండీ, నాకు చేతకాలేదు" అని అబద్ధమాడాను. ఆయన అటు చూడనైనా లేదు.

నాలుగు నెలలైంది, ఆయన మళ్లీ గాలం ముట్టలేదు. పని చెప్పకపోతే వేళ్లు బిగుసుకుపోతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. అలాగే బిగుసుకుపోతున్నాయి. ఇప్పుడు అన్నం కూడా నేనే తినిపిస్తున్నాను.