కొంచెం వెనక్కి జరిపే బటను

మొన్న ఆదివారం నరసరావుపేట చర్చిలో పూజ చూసుకుని ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ మా పుట్టినూరు రెంటచింతల పాటల బృందం వెబ్‌సైటు తెరిచాను. ఆ సైటు కట్టింది నేనే కాబట్టి దాని బాగోగులు ఇప్పటికీ నావే. సైటు మనదే అయినా అందులో పాటలు వినిపించడానికీ ఫొటోలు చూపించడానికీ ఎక్కడెక్కడి వాళ్ళో తయారుచేసి పెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాములు తెచ్చి తగిలించుకుంటాం, వాటినే ప్లగిన్లంటారు. పాటల ప్లగిన్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. రంగులూ హంగులూ బాగానే ఉన్నాయి గానీ, పాటను కొంచెం వెనక్కి జరిపే బటను మాత్రం ఎక్కడా లేదు. అభిప్రాయాలు రాసే చోటు వెతికి పట్టుకుని ఆ మాటే రాశాను. పంపి ఇంకా వేలు తీయలేదు, మీ అభిప్రాయం మాకెంతో విలువైనదంటూ జవాబు వచ్చేసింది. అది రాసింది మనిషి కాదని తెలుస్తూనే ఉంది. నాకు కోపం రాలేదు. మా మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లారీలో లోడు ఎత్తుకుని ఎన్ని ఊళ్ళు తిరిగాడో ఆయనకే తెలియదు. అలాంటి మనిషికి కళ్ళలో ఒత్తిడి పెరిగి చూపు మెల్లమెల్లగా తగ్గిపోయింది. పూర్తిగా పోవడానికి కొద్దికాలం ముందే అత్తయ్య కాలం చేసింది. అత్తయ్య గుడిలో పాటల బృందంలో పాడేది. నేను నలభై దాటాక కంప్యూటరు నేర్చుకుని, నరసరావుపేటలో ఒక చిన్న ఆఫీసులో చేరి పత్తి విత్తనాల షాపులకూ కల్యాణ మండపాలకూ సైట్లు కడుతున్న రోజులవి. ఆ చేత్తోనే మా పాటల బృందానికీ ఒకటి కట్టి, గుడి పండక్కు రికార్డు చేయించిన పాటలన్నీ అందులో పెట్టాను. వాటిలో అత్తయ్య పాడినవీ ఉన్నాయి.

మావయ్య ఫోనులో, తెర మీద వేలు పెడితే అక్కడున్నదేమిటో పైకి చదివి చెప్పే ఏర్పాటు ఉండేది. దాంతో ఫోన్లు చేసుకునేవాడు, వార్తలు వినేవాడు. మా సైటు దగ్గరికొచ్చేసరికి మాత్రం పని జరగలేదు. ఆ ప్లగిన్ చేసినవాళ్ళు బటన్ల మీద బొమ్మలు గీశారు గానీ వాటికి పేర్లు పెట్టలేదు. చూపున్న వాళ్ళకు బొమ్మ చాలు. ఆయన వేలు ఎక్కడ పెట్టినా ఫోను బటన్, బటన్ అని మాత్రమే పలికేది.

ఒకసారి నేను ఊరెళ్తే వరండాలో కూర్చోబెట్టుకుని చెప్పాడు. "బటనూ బటనూ అంటంది గానీ ఏ బటనో చెప్పదేందే అమ్మాయ్. మీ అత్త పాట ఇనాలంటే ఎవుర్నో ఒకర్ని పిలవాల. వాళ్ళు పెట్టి, ఇక్కడే కూర్చుంటారు. నేను ఒక్కణ్ణే ఇనాలే."

నరసరావుపేట తిరిగి రాగానే, ఆ ప్లగిన్ తయారుచేసిన వాళ్ళకు సందేహాలు రాసే పేజీ ఉంటే అందులో నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. కొన్నాళ్ళకు ఒకావిడ జవాబిచ్చింది. ఏ దేశమో నాకు తెలియదు, అడగనూ లేదు. మా దగ్గర బాగానే పనిచేస్తోందని మర్యాదగానే రాసింది. ఆ సంగతి మావయ్యకు ఫోనులో చెబితే, "కళ్ళు మూసుకుని ఓసారి పాట పెట్టుకోమని రాయి ఆమెను" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు, దారి చెప్పినట్టే అన్నాడు. నేను అలాగే రాశాను.

ఈసారి జవాబు పొడుగ్గా వచ్చింది. ఆవిడ నిజంగానే కళ్ళు మూసుకుని ప్రయత్నించిందట, పాట పెట్టలేకపోయిందట. ఇన్నాళ్ళూ ఈ సంగతి తన బుర్రకు తట్టనందుకు బాధపడింది. ఆ తరువాతి వెర్షన్‌లో బటన్లకు పేర్లొచ్చాయి. అయితే పాటలన్నిటికీ ప్లే, ప్లే అనే చదువుతోంది, ఏ పాటో చెప్పడం లేదు. మళ్ళీ రాశాను. పాట పేరు కూడా పలికించడం కొంచెం పెద్ద పని, సమయం పడుతుందని చెప్పింది. ఆ ఎండాకాలమంతా మావయ్య నాకు ఫోను చేయడం, ఏమన్నా రాసిందా ఆమె అని అడగడం, లేదని నేననడం. ఆవిడ మా బంధువుల్లో ఒకరైపోయింది.

వానలు మొదలయ్యాక ఆ వెర్షన్ వచ్చింది. నేను ఊరెళ్ళి, ఫోను ఆయన చేతికిచ్చి, లేచి లోపలికి పోబోయాను. "కూర్చోవే, ఈ ఒక్కసారికి" అన్నాడు. వేలు జరుపుతూ పోయాడు. ఫోను ఒక్కో పాట పేరూ చెబుతోంది. కావలసిన చోట ఆగి, నొక్కాడు. పదిమంది గొంతులు కలిసి పాడుతున్న పాటలో అత్తయ్యది ఏదో నేను పోల్చుకోలేకపోయాను. ఆయన మాత్రం వెంటనే, "అదుగో, అందరికన్నా ముందు ఎత్తుకునేది అదే. చానాసార్లు చెప్పా, ఆగి అందుకోవే అని. ఇనేది కాదు" అంటూ నవ్వాడు. నవ్వుతూనే తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆ పాట మధ్యలో అత్తయ్య ఒక్కతే పాడే చరణం ఒకటుంది. అది మళ్ళీ వినాలంటే పాటంతా మొదటి నుంచి రావాలి. కొంచెం వెనక్కి పోయే బటను పెట్టమని అడగమన్నాడు. ఆవిడ దానికీ సరేనని, ఎంత వెనక్కి పోతే మీకు సరిపోతుందని అడిగింది. ఏం చెప్పాలో మాకు తోచలేదు. చివరికి ఆ చరణాన్ని మావయ్య తన బొంగురు గొంతుతో పాడాడు, నేను గడియారం చూసి లెక్కపెట్టి, ఇది మా అత్తయ్య చరణం కొలతని చెప్పి అంతే రాశాను. ఆవిడ అంతే పెట్టింది. ప్రపంచంలో ఎంతమంది ఆ బటను వాడుకున్నారో గానీ, అది ఎవరి పాటకు కొలిచిందో మా ఇద్దరికీ, ఆమెకూ మాత్రమే తెలుసు.

ఆవిణ్ణి దేవుడు చల్లగా చూడాలని రాయమన్నాడు మావయ్య. నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చేసరికి ఆవిడకు అర్థంకాక, చల్లగా ఎందుకని అడిగింది. మా ఊరి ఎండలు ఒకసారి చూస్తే తెలుస్తుంది, ఇక్కడ అంతకు మించిన దీవెన లేదని రాశాను. ఆ జవాబు చదివి చాలాసేపు నవ్వుకున్నానని రాసింది.

ఇప్పుడు ఆ ప్లగిన్ ఏదో పెద్ద కంపెనీ చేతికి వెళ్ళింది. చెడ్డదైపోయిందని అనను, పని చేస్తూనే ఉంది. ఏది అడిగినా క్షణంలో బదులొస్తుంది. జవాబు కోసం ఒక ఎండాకాలమంతా ఎదురుచూసే అవసరం ఈనాటి వాళ్ళకు లేదు, అది మంచిదే. కానీ మనం రాసింది చదివి, అవతల ఒకరు కళ్ళు మూసుకుని చూస్తారన్న నమ్మకం ఉండేది చూడండి, అది ఎటు పోయిందో తెలియదు. మావయ్య పోయి రెండు వానాకాలాలు గడిచాయి. అప్పుడే ఇక్కడి బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఆవిడకు కూడా ఒక మాట చెబుదామని ఆ పాత పేజీ కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పటికీ ఆమెకు ఆ కబురు తెలియదు.