దూలగొండి కాయ పాఠం

మా నాలుగో తరగతి మేష్టారు రాజమండ్రి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. తెల్లటి లాల్చీ, జేబులో పెన్ను. ఆయనకు మొక్కలంటే మహా భక్తి. కాకపోతే ఆ భక్తంతా పుస్తకంలో ఉన్న మొక్కల మీదే.

యాభైల మొదట్లో మాట. ఓ శనివారం పొద్దున్నే మమ్మల్ని ప్రకృతి పరిశీలనకని కాలవగట్టుకు బయల్దేరదీశారు. మేం రోజూ గేదెల్ని తోలుకెళ్లే గట్టే అది. అక్కడికి ఇద్దరిద్దరం చేతులు పట్టుకుని, వరసలో నడిచి వెళ్లడం మాకు తలవంపుగా ఉంది. దారిలో మా పిన్ని గడ్డిమోపుతో ఎదురైంది.

“ఎక్కడికే ఊరేగింపు?”

“ప్రకృతిని చూడ్డానికెళ్తున్నాం పిన్నీ.”

“ఆవిడెవరే?” అంది పిన్ని.

గట్టు మీదికి చేరగానే మేష్టారు బెత్తం ఊపుతూ హెచ్చరించారు. “పాఠం మధ్యలో ఎవరైనా నోరు విప్పితే తోలు తీస్తాను. ఏదైనా కావాలంటే వేలెత్తండి.”

తుమ్మకంచె మీద ఓ తీగ పాకి ఉంది. దానికి గుత్తులు గుత్తులుగా కాయలు, కాయల మీద బంగారు రంగు నూగు. మేష్టారి ముఖం వెలిగిపోయింది.

“ఇది చిక్కుడు జాతి తీగ. ఈ నూగు చూడండి, ఎంత అందంగా ఉందో!”

అది దూలగొండి. ముట్టుకుంటే ఒళ్లంతా దురదలని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నలభైమందిమీ ఊపిరి బిగబట్టాం. ఆ నిశ్శబ్దం చూసి ఆయన మా శ్రద్ధకు మురిసిపోయారు.

నేను చూపుడువేలు ఎత్తాను. జాలిపడి కాదు. ముందు వరసలో ఉన్నది నేనే, ఆ నూగు గాలికి ఎగిరితే మొదట నా మీదే పడుతుంది.

“ఒంటికా? వెళ్లిరా.”

“కాదండీ, అదీ...”

“వెళ్లమన్నానా!”

చేసేదేమీలేక ఓ కొబ్బరిచెట్టు చాటుకు వెళ్లి, ఊరికే నిలబడి తిరిగొచ్చాను. అప్పటికే మేష్టారు కాయ కోసి, చెంపకు రాసుకుంటూ “పట్టుగుడ్డలా ఉంది చూశారా!” అంటున్నారు. ఈసారి కంగారులో రెండు వేళ్లు ఎత్తాను.

“రెంటికి కూడానా? ఇంటి దగ్గర చూసుకుని రావద్దూ!”

అందరూ గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏమైతే అదే అవుతుందని కూర్చుండిపోయాను.

మేష్టారు ముందు చెంప గోక్కున్నారు. తర్వాత మెడ. “చీమేదో ఎక్కింది” అన్నారు. ఆ తర్వాత లాల్చీ లోపలికి చెయ్యి పెట్టారు, అంతే. బెత్తం ఓ పక్క, పెన్ను ఓ పక్క పడ్డాయి. మేష్టారు కాలవ వైపు పరుగందుకున్నారు. పక్కతోటలో చెట్టెక్కి కొబ్బరికాయలు దింపుతున్నతను ఇది చూసి పైనుంచే కేకేశాడు.

“ఆయ్, గోక్కోకండి మేష్టారండీ! గోకినకొద్దీ పాకుద్దండి! ఒరే పిల్లలూ, పేడ రాయండ్రా, పేడ!”

ఆ కేకకు మేష్టారు నీళ్ల దాకా పోకుండానే కూలబడ్డారు. కాలవగట్టున పేడకేం కరువు! నలభైమందిమీ రెండేసి చేతులా తెచ్చాం. మేష్టారి ఒంటికి పేడ పూసే భాగ్యం ఇంకే బడి పిల్లలకు దక్కుతుంది? ముందురోజు ఎక్కాలు రాక దెబ్బలు తిన్నవాడు ఆయన రెండు బుగ్గలకూ ఎంతో భక్తిగా మెత్తాడు.

“చాలర్రా, చాలు.”

“చెవెనకాల మిగిలిపోయిందండీ” అన్నాడు వాడు.

ఆయన కళ్లు మూసుకుని ఓపిగ్గా కూర్చున్నారు. పేడ మధ్యలోంచి రెండు కన్నీటిచుక్కలు దారి చేసుకుని కిందికి దిగాయి. అది చూసి నా నవ్వు ఆగిపోయింది. ఆయన ఊరికి కొత్త, అన్నం వండిపెట్టే మనిషి కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి దురద తగ్గింది. “ఈ తీగ సంగతి మీలో ఎవరికీ తెలీదా?” అని అడిగారు.

“అందరికీ తెలుసండీ” అన్నాను.

“మరి చెప్పరేం?”

“నోరు విప్పొద్దన్నారు కదండీ.”

ఆయన నావంక తిరిగారు. ఇక నా వీపు విమానం మోతేననుకున్నాను. కానీ ఆయనకు నవ్వొచ్చింది. ఎండిన పేడ బుగ్గల మీద పగిలి, పెచ్చులుగా రాలింది.

మరుసటి శనివారం మళ్లీ గట్టుకే వెళ్లాం. ఈసారి బెత్తం లేదు, ఓ నోటుబుక్కు మాత్రం ఉంది. ఆయన మొక్క చూపించడం, మేం పేరు చెప్పడం, ఆయన రాసుకోవడం. గంటసేపు మేమే మేష్టర్లం, ఆ గర్వం ఇంతా అంతా కాదు. చివర్లో ఓ గడ్డి చూపించారు. పొడుగాటి వెన్ను, చివర కుచ్చు. పేరు ఎవరికీ తెలీదు. తెలీదని ఒప్పుకోవడం ఇష్టంలేక నేనే “ఏనుగుమీసం అండీ” అనేశాను. ఏనుగుకు మీసాలుండవని ఎవరికీ తట్టలేదు. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. వేసవికి ముందు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు బడి గోడ పక్కన అదే గడ్డి చూపించి పేరడిగితే, క్లాసంతా ఒక్క గొంతుతో “ఏనుగుమీసం” అని అరిచింది. ఆయనా రాసుకున్నారు.

దాని అసలు పేరు నాకు ఇప్పటికీ తెలీదు. మనవలు అడిగితే మాత్రం తడుముకోకుండా ఏనుగుమీసమనే చెబుతుంటాను.