శబ్దం తీసేసిన పాఠం

కాలేజీ పరీక్షల విభాగంలో ఇరవై నాలుగేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని టైపు చేస్తున్న మనిషి ఆవిడ. ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు, ప్రిన్సిపాలు గారి నోటీసులు అన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే వెళ్ళేవి. పిల్లలు ‘టైపక్క’ అనేవారు. ఎక్కడైనా అచ్చుతప్పు కనబడితే ఆ పూట ఆవిడకు ముద్ద దిగేది కాదు.

కాలేజీలో పాఠాలన్నీ వీడియోలుగా మారి రెండేళ్ళయింది. రసాయన శాస్త్రం రెండో సంవత్సరంలో పుట్టుకతోనే వినపడని అమ్మాయి ఒకతె ఉంది. బడిలో ఉన్నన్నాళ్ళూ మాస్టారి పెదవులు చూసి నెట్టుకొచ్చింది. వీడియోలో మాస్టారి ముఖం అగ్గిపెట్టెంత. చెప్పే మాటలు కింద అక్షరాలుగా పడుతున్నాయి కదా, చాలన్నారు. ఆ అక్షరాలు వేసేది యంత్రం. దిద్దే దిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, కాగితం మీద రాసి చూపించింది: ‘అక్కా, రేపు ల్యాబు. ఇక్కడ “అమ్మలు నీళ్ళు పోసి చూడు” అని పడింది. అమ్మలెవరు? దేంట్లో పోయాలి?’

టైపక్క వీడియో విన్నది. మాస్టారు చెబుతున్నది వేరు: “ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు.”

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. సరైన వాక్యం రాసి, కింద రెండు గీతలు గీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, తిన్నగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళింది.

“ఒక్కపిల్ల కోసం ఇన్ని వందల వీడియోలు ఎవరు దిద్దుతారమ్మా? నూటికి తొంభై మాటలు సరిగ్గానే పడుతున్నాయిగా” అన్నారాయన.

“మిగతా పదిలో ఆ పిల్ల ముఖం కాలిపోయేది సార్! మీ నోటీసులో ఒక్క పొల్లు పోతే నాచేత మూడుసార్లు టైపు కొట్టించారు. పాఠంలో ఏం పోయినా పరవాలేదా?”

“మీ పని మీరు చూసుకోండి.”

ఆ శనివారం అధ్యాపకుల సమావేశం. కొత్త వీడియోలు తెర మీద చూపించే పని ఆవిడకే అప్పజెప్పారు. ఆవిడ రసాయన శాస్త్రం పాఠం పెట్టి శబ్దం తీసేసింది.

“వినపడట్లేదమ్మా” అన్నారెవరో.

“ఆ పిల్లకి ఎప్పుడూ వినపడదు సార్. కింద అక్షరాలున్నాయిగా, చదివి పాఠం చెప్పండి.”

మాస్టారికి తన పాఠం తనకే అర్థం కాలేదు. తెర మీది ‘కారం’ అసలు క్షారమని మూడోసారికి పోల్చుకుని తల దించుకున్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“నవ్వండి! పోయినేడు ఇలాంటివే చదివి పరీక్ష తప్పితే ఆ పిల్లకి శ్రద్ధ లేదని రాసింది మీరే. ఆ మాట టైపు కొట్టిన పాపం నాది.”



సోమవారం మాస్టారు తన పాఠాల కాగితాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు. “ఇకనుంచి ముందే రాసిస్తానమ్మా” అన్నారు. ప్రిన్సిపాలు రోజుకు రెండు గంటలు ఆవిడకు ఆ అక్షరాలు దిద్దే పనికి కేటాయించారు. పాత పని మాత్రం పిసరంత తగ్గించలేదు. దుకాణాల్లో పనిచేస్తూ చదివేవాళ్ళు, చంటిబిడ్డను నిద్రపుచ్చుతూ చదివే తల్లులు కూడా ఆ అక్షరాలే చదువుతున్నారని తర్వాత తెలిసింది. ఒక్కపిల్లట!

ఆ అమ్మాయి ఆ ఏడు గట్టెక్కింది. అందరూ టైపక్కను మెచ్చుకున్నారు. ఆవిడ కోపం మాత్రం చల్లారలేదు.

“మెచ్చుకోలు ఎవడిక్కావాలి? పోయినేడు పోగొట్టిన మార్కులు ఎవరిస్తారు?” అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.