వాపసు తీసుకున్న సాక్ష్యం

సునీల నోరు ఊరుకోదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, శంషాబాద్‌లో ఆమె ఉండే గల్లీకంతా తెలుసు. నల్లా దగ్గర నలుగురు చేరితే మాట మొదలుపెట్టేది ఆమే, ముగించేదీ ఆమే. ఒక్క విషయంలో మాత్రం ఆరేళ్లపాటు ఆ నోటికి తాళం వేసుకుంది. మొగుడు రూబెన్‌కు హెచ్ఐవీ ఉందన్న మాట కన్నతల్లికి కూడా చెప్పలేదు. అంత గుట్టుగా నెట్టుకొచ్చిన మనిషి, మొన్న మార్చిలో ఒక ఆదివారం పూట చర్చిలో మూడు నిమిషాలు మాట్లాడింది. కొంప మునిగింది అక్కడే.

రూబెన్ విమానాశ్రయం కార్గోలో సామాన్లు ఎక్కించి దించే పని చేస్తాడు. ఆరేళ్ల కింద అతని మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. డాక్టరు టీబీ అన్నాడు, ఆ వెంటనే ఇంకో రక్తపరీక్ష రాశాడు. ఆ రెండో కాగితం చూశాక సునీల చాలాసేపు దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఇది ఎట్లా వచ్చిందని ఒక్కసారే అడిగింది. పరాయి ఊళ్లో పనికి పోయిన రోజుల సంగతి అతను తలవంచుకుని చెప్పాడు. రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు, అతనితో పలకలేదు. మూడో రోజు లేచి, తిట్టుకుంటూనే గంజి కాచి తాగించింది. అప్పుడు అతని బరువు నలభై ఒక్క కిలోలు. ఒంట్లో రోగాన్ని అడ్డుకునే కణాలు అయిదువందల పైన ఉండాల్సింది, తొంభైకి పడిపోయాయి. సునీల పరీక్షలో మాత్రం ఏమీ లేదని వచ్చింది. అది దేవుడి దయ అనుకుంది.

ఆ తర్వాత టీబీకి ఆరు నెలల మందులు, హెచ్ఐవీకి రోజుకొక గోలీ. పొద్దున చాయ్ తాగగానే రూబెన్ గోలీ వేసుకోవాలి, వేసుకున్నాడా లేదా అని సునీల నోరు తెరిపించి మరీ చూసేది. ఏడాది తిరిగేసరికి గడ్డ మాయమైంది, మనిషి నిండుగా కనబడ్డాడు. కణాల లెక్క అయిదువందల నలభైకి ఎక్కింది. చూసినవాళ్లెవరూ అతనికి రోగముందని అనుకోరు.

ఇక మార్చి సంగతి. ఏడాదికోసారి రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష ఒకటి చేస్తారు. ఇన్నేళ్లూ ఆ రిపోర్టు దవాఖాన ఫైల్లోనే ఉండిపోయేది, ఈసారి రూబెన్ ఇంటికి తెచ్చి సునీల చేతిలో పెట్టాడు. ఆమె ఇంటర్ దాకా చదివింది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. పైగా ఆమె పని విమానాశ్రయంలో, తనిఖీ దగ్గర ప్రయాణికుల ట్రేలు పోగుచేసి మళ్లీ మొదట్లో పెట్టడం. రోజంతా ఆ మిషన్ల మధ్యనే తిరుగుతుంది కనక అక్కడి మాటలు కొన్ని ఆమెకు బాగా వంటబట్టాయి. డిటెక్టెడ్ అంటే బ్యాగులో ఏదో ఉంది, పక్కకు తీయాలి. నాట్ డిటెక్టెడ్ అంటే ఏమీ లేదు, పోనివ్వాలి. రిపోర్టు మీద సరిగ్గా అదే ఉంది: టార్గెట్ నాట్ డిటెక్టెడ్.

"రోగం పోయిందయ్యా!" అని సునీల ఒక్క కేక పెట్టింది. "సూడు, లేదని రాసిండ్రు!"

అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు రోజులు. ఆమె నలభై రోజులూ ఒంటిపూట తిండితో ఉపవాస ప్రార్థన చేస్తోంది. ప్రార్థనకు జవాబు రానే వచ్చిందనుకుంది పిచ్చిది! ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ చెయ్యెత్తి లేచింది. రోగం పేరు చెప్పలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. ఆరేళ్లుగా రోజూ మందు మింగాల్సిన పెద్ద రోగమని, డాక్టర్లే నాట్ డిటెక్టెడ్ అని రాసిచ్చారని ఏడుస్తూ చెప్పింది. నూరు మంది చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున రూబెన్ గోలీల డబ్బా అందుకోబోతే సునీల లాక్కుంది.

"దేవుడు తీసేసినంక ఇంకా మింగితే నమ్మనట్టే కద," అని డబ్బాను సజ్జ మీదికి విసిరింది.

ఏప్రిల్ బాగానే గడిచింది, మే కూడా గడిచింది. జూన్‌లో రూబెన్‌కు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం మొదలైంది. తర్వాత నాలుక మీద తెల్లగా పూసింది, కూర కారం తగిలితే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఎండ దెబ్బ అన్నారు ఇద్దరూ. జులై మొదటి వారంలో నడుముకు ఒక పక్కన పొక్కులు వరసగా లేచి మంట మొదలైంది. సర్పి అంది పక్కింటామె, ఎర్రమన్ను పూయమంది. పూస్తుంటే సునీల వేళ్లకు అతని పక్కటెముకలు తగిలాయి. ఆరేళ్ల కింద ఒళ్లు తుడిచినప్పుడు తగిలినట్టే తగిలాయి.

మర్నాడే ఆమె ఫోన్ మోగింది. మందులిచ్చే కేంద్రం నుంచి. రూబెన్‌కు ఎన్నిసార్లు చేసినా కట్ చేస్తున్నాడట, అందుకని ఆమెకు చేశారు. ఆదివారాలు చర్చి అయ్యాక డ్యూటీ, వారం మధ్యలో ఒక్కటే సెలవు. ఆ సెలవున సునీల ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. దారంతా ఒకటే లెక్క: మార్చి, ఏప్రిల్, మే, జూన్. వేళ్ల మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగు నెలలు నాలుగు నెలలే.

అక్కడ కౌన్సిలర్ పేరు సంయుక్త, కోస్తా వైపు అమ్మాయి. సునీల చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నది. చివరికి రిపోర్టు అడిగి తీసుకుని, ఆ మూడు ముక్కల మీద వేలు పెట్టింది.

"దీన్ని మీరు ఎలా చదివారండీ?"

"లేదని. మా కాడ మిషన్ల గట్లనే వస్తది మేడం. ఏం లేకుంటేనే పోనిస్తరు."

"మీ దగ్గర బ్యాగు ఒకసారి దాటితే అయిపోతుంది. ఇక్కడ అలా కాదండీ. పరీక్షకు అందనంత తక్కువగా ఉందని దీని అర్థం. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి అంత తగ్గింది. కొన్ని కణాల లోపల అది నిద్రపోతూ ఉంటుంది. మాత్ర ఆపిన కొన్ని వారాల్లోనే లేస్తుంది."

"లేస్తే ఏమైతది?" అంది సునీల.

"మన రక్తంలో సీడీ ఫోర్ కణాలని ఉంటాయి. ఏదైనా రోగం లోపలికి వస్తే, వచ్చిందని మిగతా కణాలకు చెప్పి పని చేయించేవి ఇవే. ఈ వైరస్ సరిగ్గా వాటిలోకే దూరుతుంది. వాటి చేతనే తనలాంటి వాటిని వేలకొద్దీ చేయించుకుంటుంది, ఆ కణాలు చచ్చిపోతాయి. అలా రోజూ కొన్ని పోతూ ఉంటే చివరికి చెప్పేవాళ్లూ ఉండరు, ఆపేవాళ్లూ ఉండరు. అప్పుడు మామూలు మనిషిని ఏమీ చేయలేని రోగాలు కూడా మంచాన పడేస్తాయి. మీవారి నాలుక మీద తెలుపు అదే. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి వైరస్ నరాల్లో పడుకుని ఉంటుంది, కాపలా తగ్గగానే సర్పిగా లేచింది. సాయంత్రాలు వచ్చే ఆ జ్వరం టీబీయేమోనని నాకు భయంగా ఉంది. రేపే తీసుకురండి."

"మల్లా అదే గోలీ మింగితే సక్కగైతడా?"

"చాలామంది కోలుకుంటారు. కానీ ఆపడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం చేస్తే ఆ మందుకు వైరస్ లొంగకుండా పోవచ్చు. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను. మీరు కూడా పరీక్ష చేయించుకోండి సునీలగారూ. ఆయన మందు వాడి వైరస్ అణిగి ఉన్నంతకాలం మీకు అంటుకునే భయం లేకపోయింది. ఈ నాలుగు నెలలు ఆ మాట చెప్పలేను."

సునీలకు అక్కడే రక్తం తీశారు. లేదనే వచ్చింది, కానీ మూడు నెలలాగి మళ్లీ చూడాలన్నారు. ఆ కాగితం ఈసారి నాలుగుసార్లు అడిగి అర్థం చేసుకుంది. తన గురించి భయం ఒక పక్కన ఉండనే ఉంది, అయినా బస్సులో ఆమె ఏడ్చింది దానికి కాదు. డబ్బా లాక్కున్న చెయ్యి తనది. అతను అందుకోబోతుంటే లాక్కుంది!

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అంతా చెప్పేసింది. రూబెన్ గోడకు ఆనుకుని విన్నాడు.

"నేను రాను," అన్నాడు.

"ఏందయ్యా రానంటవ్? సస్తవా?"

"నూరు మంది ముంగట చెప్పినవ్. గా మందుల లైన్ల మనోళ్లెవరన్న నన్ను చూస్తే? సునీల అబద్ధం చెప్పిందంటరు. సాక్ష్యం అబద్ధమైతే నువ్వు మల్లా ఆ చర్చిల తలెత్తుకుంటవా? ఇది దేవుడు పెట్టిన శోధన. ఓర్చుకుంటే పోతది."

తిట్టింది, కాళ్లు పట్టుకుంది, సజ్జ మీది డబ్బా దించి ముందు పెట్టింది. అతను అటు తిరిగి పడుకున్నాడు. ఎంత మొండిమనిషైనా తన కోసమే మొండికేస్తున్నాడని తెలిశాక ఆమె ఎవరిని తిట్టుకోవాలి? తెల్లారి లేచి నేరుగా పాస్టర్ జయశీలన్ ఇంటికి పోయింది. ఆయన అప్పుడే బీపీ గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగుతున్నాడు. ఆయనకు మాత్రం రోగం పేరుతో సహా చెప్పింది.

జయశీలన్ ముఖం పాలిపోయింది. "మందు మానుమని నేను ఏనాడన్న చెప్పిన్నా అమ్మా?"

"మీరు చెప్పలే అయ్యగారూ, నేనే మాన్పించిన. ఇగ ఆయన వినాలంటే మీరు ఆదివారం మైకుల చెప్పాలె, ఆ సాక్ష్యం తప్పని."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నా ఇరవై ఏండ్ల సేవల సాక్ష్యం వాపసు తీసుకున్నోళ్లను చూడలేదమ్మా. నీ సాక్ష్యం తప్పని నేను ఎట్ల చెప్త? రూబెన్‌తోని నేను మాట్లాడత, ప్రార్థన చేద్దాం."

ఆయన వచ్చాడు, మాట్లాడాడు కూడా. రూబెన్ అన్నింటికీ తలూపి చేతులు జోడించాడు, గోలీ మాత్రం ముట్టలేదు. శనివారం నాటికి దగ్గు కూడా మొదలైంది. సునీల డ్యూటీలో ట్రేలు ఎత్తుతూ మధ్యమధ్యన ఫోన్ చూసుకునేది. ఇంటి నుంచి ఫోన్ వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. ట్రేలన్నీ తలకిందులుగా పేర్చి సూపర్‌వైజర్‌తో చీవాట్లు కూడా తిన్నది.

ఆదివారం పాటలు అయిపోయాయి. సాక్ష్యాలున్నవాళ్లు లేవండి అనగానే సునీల చెయ్యెత్తింది. పక్కన కుర్చీలో ఉన్న రూబెన్ ఆమె కొంగు పట్టి కిందికి లాగాడు. ఆమె విడిపించుకుని మైకు దగ్గరికి పోయింది. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషికి ఆ పూట మొదటి మాట ఎంతకీ రాలేదు.

"మార్చిల నేను గిక్కడనే నిలబడి మా ఇంటాయన రోగం పోయిందని చెప్పిన," అంది చివరికి. "అది పోలేదు. డాక్టర్లు పోయిందని రాయలేదు. కాయితం నేను తప్పు చదివిన. మందు మింగితేనే ఆ రోగం అణిగి ఉన్నదంట, ఆ మందు నేనే మాన్పించిన. ఇప్పుడు ఆయన పానం మీదికొచ్చింది. దేవుడు అబద్ధం ఆడలేదు, నేను చెప్పింది తప్పు. నా సాక్ష్యం వాపసు తీసుకుంటున్న."

అలవాటు కొద్దీ ఎవరో స్తోత్రం అనబోయి సగంలో మింగేశారు. జయశీలన్ లేచి, కూర్చో అమ్మా అన్నాడు. సునీల తిరిగి వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు ముఖం తిప్పుకున్నారు. రూబెన్ నేల చూపులు చూస్తున్నాడు. ఆ తర్వాత బైబిల్ వాక్యం ఏం చెప్పారో ఆమె చెవికి ఎక్కలేదు. అవమానం ఒళ్లంతా మండించింది, అయినా రేపు ఇతను బస్సెక్కుతాడా లేదా అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

ఆరాధన అయ్యాక అందరూ చెప్పుల దగ్గర గుమిగూడారు. వీళ్లిద్దరితో ఎవరూ మాట్లాడలేదు. గేటు దాకా వచ్చేసరికి వెనక నుంచి ఎవరో సునీల చెయ్యి పట్టుకున్నారు. చూస్తే అమృతమ్మ. ఒంటరి ముసలామె, జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వస్తుంది, ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడదు.

"బిడ్డా," అంది గొంతు తగ్గించి. "నువ్వు అప్పుడు రోగం పేరు చెప్పలేదు. కానీ ఆ కాయితం మీది ఇంగ్లీషు మాట చెప్పినవ్ చూడు, అది నాకు ఎరుకే. నా కాయితం మీద గూడ గదే ఉన్నది."

సునీలకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"మీ ఇంటాయనకు పోయిందంటే నాకు గూడ పోయినట్టే అనుకున్న," అంది అమృతమ్మ. "నీ మాట విన్న నాటిసంది నేను గోలీలు బంద్ పెట్టిన."

సునీల గేటు పట్టుకుని కిందికి జారిపోయింది. ఒక్కడిని కాదు, ఇద్దరిని. ఈమెకు అడిగే మొగుడు లేడు, నడుముకు ఎర్రమన్ను పూసే మనిషి లేడు. ఇవాళ తను నోరు మూసుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

రూబెన్ కొంచెం దూరంలో నిలబడి అంతా విన్నాడు. దగ్గుతూ దగ్గరికొచ్చాడు.

"జ్వరం గిట్ల వస్తున్నదా అవ్వా?"

"పొద్దుమీకి వస్తది బిడ్డా. నాలిక గూడ మండుతది."

"నాక్కూడ," అన్నాడు. పెళ్లాం వైపు చూసి, "రేపు పొద్దుగాల మేం పోతున్నం. నువ్వు గూడ కాయితాలన్ని పట్టుకుని రా. లైన్ల నా ముంగట నిలబడు," అన్నాడు.

"ఇన్ని నెలలు రాకపోతివని ఆడ తిడ్తరేమో?"

రూబెన్ వంగి పెళ్లాం రెక్క పట్టి లేపాడు. "మనల్నెందుకు తిడ్తరు? దీన్ని తిడ్తరు," అన్నాడు.

"తిట్టనియ్యి," అంది సునీల, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ. "ఎన్ని తిట్టినా నిలబడి వింట. నువ్వు మాత్రం రా అవ్వా."