రాహేలు పిన్ని పిడికెడు బియ్యం

సుభాష్‌పల్లిలో మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. గంజి పెట్టిన చీర మీద వేడి పెట్టె ఆనినప్పుడు వచ్చే ఆ వాసన తగిలితే చాలు, నా నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. మొన్నా అంతే, కూరల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "కీ హోలో దీదీ?" ఏమైందక్కా అని బెంగాలీలో అడిగాడు ఇస్త్రీ అతను. ఏం చెప్పను? గంజి పెట్టిన తెల్లచీర తప్ప ఇంకోటి కట్టని రాహేలు పిన్ని అతనికి తెలియదు. ఆవిడ నాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా తెలుగు చర్చిలో బైబిల్ స్త్రీ. అంటే గొడుగు ఒక చేత, సంచి ఒక చేత పట్టుకుని ఇంటింటికీ నడిచివెళ్ళి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. ఖరగ్‌పూర్‌లో ఆవిడ అడుగుపెట్టని తెలుగు క్రైస్తవుల ఇల్లు లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను.

మా తాతలు రైల్వే పనికి ఆంధ్రా నుంచి వచ్చినప్పుడు సామానుతో పాటు ఒక అలవాటు కూడా తెచ్చుకున్నారు. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగకముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యడం. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది. అక్కడి నుంచి పొయ్యి వెలగని ఇళ్ళకు వెళ్తుంది. రాహేలు పిన్ని దీనికి ఇంకోటి కలిపింది. పిడికిలి తీసినప్పుడల్లా సంఘంలో ఒకరి పేరు పలకాలి. "బియ్యం ఎవులైనా ఇస్తారు. పేరెట్టి దేవుణ్ణి అడిగీవోలే తక్కువ," అనేది.

నేను స్త్రీల సమాజానికి కార్యదర్శినయ్యాక ఆ డబ్బాలు నాకు నచ్చలేదు. పురుగులు పట్టేవి, నాలుగు రకాల బియ్యం కలిసిపోయేవి. అందుకని పెద్ద సంస్కర్తలా ఒక ఏర్పాటు చేశాను. నెలకోసారి ఝపటాపూర్ దుకాణం నుంచి ఇంటికో కిలో ప్యాకెట్ చొప్పున నేరుగా చర్చికి వచ్చేస్తుంది. ఇళ్ళవాళ్ళు ఫోన్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే చాలు. అందరూ భేష్ అన్నారు. పిన్ని మాత్రం "ఠీక్ హై అమ్మా" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఏదో ఉందని నాకు తట్టలేదు.

ఒక బుధవారం పిన్ని నన్ను నింపురాకు తీసుకెళ్ళింది. అక్కడి రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన ఒకాయన భార్య మరియమ్మ ఇల్లు. ఆవిడ కాళ్ళ మీదుగా దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. జ్వరమేమో అనుకున్నాను, అడగలేదు. ఇంకా మూడిళ్ళు తిరగాలని నా తొందర. "నువ్వు ప్రార్థన సెయ్యి సునీతా," అంది పిన్ని. అబ్బో, ప్రార్థనంటే నాకు కొట్టినపిండి! కళ్ళు మూసుకుని అందుకున్నాను. "ఈ సహోదరిని ప్రతి ఆదివారం నీ సన్నిధికి నడిపిస్తున్నందుకు స్తోత్రం ప్రభువా" అని రాగం తీశాను. ఆమేన్ అనగానే మరియమ్మ దుప్పటి పక్కకు తీసింది. మోకాలి కింద నిలువునా కుట్ల మచ్చ.

"సునీతమ్మా, నాను సర్చి మొకం సూసి మూడు నెల్లయిపోనాది. బాత్రూమ్‌లో పడి కాలిరిగిపోనాది. నడిపించీ మాట తరవాత, ముందు నిలబెట్టమని అడగమ్మా," అంది నవ్వుతూనే.

తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను. రోడ్డు మీదికి రాగానే పిన్ని మీద విరుచుకుపడ్డాను. "నీకు ముందే తెలుసు కదేటి పిన్నీ? నాకెందుకు సెప్పలేదు? వాళ్ళబ్బాయి ప్రతి నెలా బొటనేలు గుర్తు పెడతన్నాడు. నాకెలా తెలుస్తాది?"

"బొటనేలు ఒచ్చింది, సరే. మనిసేదమ్మా?" అంది పిన్ని. గొడుగు విప్పుతూ మళ్ళీ తనే అంది. "నీ మీద కోపం నేదు నాకు. బయమేస్తన్నాది. బక్తి సల్లారిపోయినోలికి సల్లారిపోనామని తెల్దు."

ఉప్పూకారం తినే మనిషిని కదా, ఇంటికొచ్చి గిన్నెలన్నీ ఎత్తెత్తి కుదేశాను. సాయంత్రం పంతానికి మోకరించాను. మళ్ళీ అవే మాటలు, అదే రాగం. ఒక్క మాటా నాది కాదు. ఆఖరిసారి దేవుడితో ఎప్పుడు మాట్లాడానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పదవి ఉంది, రిజిస్టరు ఉంది, రాగం ఉంది. విశ్వాసం ఉందా? నిజంగా భయపడ్డాను.

తరవాతి బుధవారం ఒక్కదాన్నే నింపురా వెళ్ళాను. మరియమ్మక్క తల చిక్కులు తీసి జడ వేశాను. కాలెలా విరిగిందో, ఆపరేషన్ ఎలా జరిగిందో మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ప్రార్థన చెయ్యమంటుందేమోనని నా భయం. ఆవిడ అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి తనే చేసింది. "ప్రభువా, నువ్వున్నావని ఈ పిల్లకి తెలుసు. మన మాట ఇంటన్నావని మర్సిపోనాది. గురుతు సెయ్యి." అంతే. రెండు ముక్కలు. చిన్నపిల్లలా ఏడ్చాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆ నెల సమావేశంలో లేచి జరిగిందంతా చెప్పేశాను. ప్యాకెట్లు వద్దు, మళ్ళీ డబ్బాలే అన్నాను. "పురుగులొస్తాయన్నది నువ్వే కదా?" అని ఒకామె దెప్పింది. "రానీ, ఏరుకుందాం," అన్నాను. సగం మంది మొహాలు ముడుచుకున్నారు, సగం మంది ఒప్పుకున్నారు. ఆ సగంలోనే ఇప్పటికీ మా సంఘం బతికి ఉందని నా గట్టి నమ్మకం. వెనక బెంచీలో కూర్చున్న పిన్ని మెచ్చుకుంటుందని చూశాను. "టీ సల్లారిపోతన్నాది, బేగి తాగండి," అంది. కానీ వెళ్ళేటప్పుడు తన గొడుగు నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఏ బహుమతి ఇచ్చినా నాకంత గర్వం వచ్చి ఉండేది కాదు.

నిరుడు పిన్ని పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. "ప్రభువా, రాహేలు పిన్ని..." అన్నాను. రెండో మాట రాలేదు. చేతికర్ర ఊతంగా నా పక్కనే నిలబడిన మరియమ్మక్క నెమ్మదిగా, "పరవానేదమ్మా, ఆయన ఇంటన్నాడు," అంది.

ఇప్పుడు రోజూ పిడికెడు బియ్యం తీసి ఒక పేరు పలుకుతాను. పేరు వచ్చి ముఖం గుర్తు రాకపోతే, ఆ సాయంత్రం వెళ్ళి వాళ్ళ తలుపు తడతాను. "ఏటమ్మా, ఇలగొచ్చినావు? ఏటైనా మీటింగా?" అని కంగారు పడతారు. "కాదు, నిన్ను చూద్దామనే వచ్చినాను," అంటాను. ఆ మాట అబద్ధం కాకుండా అనడం నాకు రాహేలు పిన్ని నేర్పింది.