పన్నెండు దాటిన ముల్లు

తెనాలిలో మా వీధి మొత్తానికి కరెంటు కొలిచే మల్టీమీటరు ఉన్నది నా ఒక్కడి దగ్గరే. ఆ సంగతి వీధిలో ఎవరికైనా తెలియకపోతే నాకు నిద్రపట్టేది కాదు. రేడియోలు బాగుచేసే కొట్టు నాది. ఎవరు గుమ్మం ఎక్కినా, అవసరం ఉన్నా లేకపోయినా, సంచీలోంచి మీటరు తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. అరవైల చివరి రోజులు అవి. మద్రాసు నుంచి తెప్పించుకున్న రెండో మీటరు అది. మొదటిదాన్ని నా చేతులతో నేనే కాల్చుకున్నాను. ఏం కొలవాలో ఎంచుకునే మీట ఉండాల్సిన చోట లేదని చూసుకోకుండా ఒక కారు బ్యాటరీకి తగిలించాను. ముల్లు ఒక్క ఎగురు ఎగిరి అంచుకు కొట్టుకుని వంగిపోయింది. లోపలి నుంచి సన్నగా పొగ వచ్చింది. అప్పటి నుంచి కారు బ్యాటరీ అంటేనే నాకు గుబులు. పైకి మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు.

ముసురు పట్టిన ఒక ఉదయం ధాన్యం మిల్లు యజమాని కబురు పంపాడు. రేపల్లెలో ఆయన చెల్లెలి ఇంట్లో రేడియో మూగబోయిందట. తన కారులోనే తీసుకెళ్తానని, వచ్చేటప్పుడు మీటరు తెచ్చుకోమని ఆ కబురు. మీటరు రేడియో కోసమే అనుకున్నాను. వెళ్లేసరికి మిల్లు ఆవరణలో కారు బానెట్టు ఎత్తి ఉంది. దాని పక్కన డ్రైవరు సాయిబు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులు తోలిన మనిషి ఆయన. అరవై దగ్గర పడుతున్నాయి. బ్యాటరీ పోయిందని వారం రోజులుగా చెబుతున్నారట. యజమాని నమ్మడం లేదు.

"ఏమయ్యా, నిన్ననే ఛార్జింగు పెట్టించుకొచ్చాం. అయినా పొద్దున సెల్ఫ్ అందుకోలేదంటాడు," అన్నాడు యజమాని. "బ్యాటరీ ముసలిదైందో, ఈ సాయిబే ముసలివాడయ్యాడో ఇవాళ తేల్చెయ్. బ్యాటరీ బాగుందంటే మాత్రం నేను ఇంకో డ్రైవర్ని చూసుకుంటా."

ధాన్యం బస్తాలు మోస్తున్న హమాలీలు పని ఆపి చుట్టూ చేరారు. ఒక మనిషి ఉద్యోగం నా చేతిలో ఉందని తెలుస్తూనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గర్వంగానే అనిపించింది.

మీట సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చూసుకుని ఎర్ర తీగ ఒక పక్క, నల్ల తీగ ఒక పక్క ఆనించాను. ముల్లు మెల్లగా లేచి, బ్యాటరీకి ఉండాల్సిన పన్నెండు వోల్టులు దాటి నిలబడింది.

సాయిబు గారు వంగి నా చెవి దగ్గర అన్నారు: "బాబూ, తీగలు తియ్యబాకండి. నేను లోపల కూర్చుని సెల్ఫ్ నొక్కుతా. అప్పుడు చూడండి ముల్లు ఎక్కడికి పడిపోద్దో. లైట్లేసి నొక్కితే ఆ గోడ మీద వెలుగు చచ్చిపోతోందండి, రోజూ చూస్తన్నా."

ఆయన అడిగిందే అసలు పరీక్ష. ఊరికే కూర్చున్న బ్యాటరీ, అందులోనూ నిన్న ఛార్జింగు పెట్టిన బ్యాటరీ, ఎంత పాడైనా పన్నెండు చూపిస్తుంది. బరువు మోయిస్తేనే దాని సత్తా బయటపడుతుంది. నాకు ఈ మాత్రం తెలియక కాదు. సెల్ఫ్ అనే మాట వినగానే పాత మీటరులోంచి వచ్చిన పొగ కళ్లముందు కనిపించింది. గబగబా తీగలు లాగేసుకున్నాను.

"అక్కర్లేదండి," అన్నాను, అందరికీ వినపడేలా. "బ్యాటరీ శుభ్రంగా ఉంది."

యజమాని నవ్వాడు. హమాలీల్లో ఒకరిద్దరు తలలు దించుకున్నారు. సాయిబు గారు డిక్కీలోంచి ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ తీసుకున్నారు. ముందుకు వెళ్లి హ్యాండిల్ కొట్టి కారు స్టార్ట్ చేశారు.

ఊరు దాటాక ముసురు మరీ కమ్ముకుంది. పొద్దుటి పూటే దీపాలు పెట్టుకునేంత చీకటి. పొలాల్లో పండిన చేలు నీళ్ల మీద ఒరిగిపోయి ఉన్నాయి. యజమాని వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందు సీట్లో, మీటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన సాయిబు గారి పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నాను. నాకు ఎందుకో భయం వేసింది.

కొంత దూరం పోయాక రైలు గేటు పడింది. పట్టాల కోసం రోడ్డు మిట్టకు ఎక్కే చోటు అది. కారు ముక్కు పైకెత్తుకుని ఆగింది. వెనకే ఒక బస్సు వచ్చి ఆనుకున్నట్టు నిలబడింది. సాయిబు గారు ఇంజను ఆపలేదు.

"ఆపవయ్యా, రైలొచ్చేదాకా పెట్రోలు తగలబెడతావా?" అన్నాడు వెనక సీట్లోంచి యజమాని.

"ఆపితే మళ్లీ అందుకోదు అయ్యగారూ."

"మీటరు చెప్పాక కూడా ఇదే మాటా?"

సాయిబు గారు నా వైపు చూశారు. వద్దని చెప్పడానికి నాకు అదొక్కటే అవకాశం. "ఆపండి, ఏం కాదు," అన్నాను నేను.

ఆయన తాళం తిప్పారు. ఇంజను ఆగిపోయాక వానచుక్కలు టాపు మీద పడే చప్పుడు పెద్దగా వినిపించింది.

రైలు వెళ్లింది. గేటు లేచింది. సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఒక చిన్న చప్పుడు, అంతే. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే. ముందుకు తోయడానికి మిట్ట, వెనక్కి జార్చడానికి బస్సు అడ్డం. బస్సు డ్రైవరు హారను మోత మోగిస్తున్నాడు. "నీకు నొక్కడం రావట్లేదు!" అని యజమాని అరుస్తున్నాడు. సాయిబు గారు హ్యాండిల్ పట్టుకుని వానలోకి దిగారు.

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు చుట్టకూడదు. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి పోతుంది. ఈ మాట తెనాలిలో ఎంతమంది కుర్ర డ్రైవర్లకు ఆయనే నేర్పారో లెక్కలేదు. ఆ రోజు బురదలో కాలు జారుతుంటే, వెనక హారను, లోపల అరుపులు, ఆయన ఆ సంగతి మరిచిపోయారు. మూడో తిప్పుకు ఇంజను తన్నింది. కందికట్టె విరిగినట్టు వినిపించింది. ఆయన కుడి మణికట్టును ఎడం చేత్తో పట్టుకుని, బంపరుకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నారు.

గేటుకు అవతల ఆగి ఉన్న, తెనాలి వెళ్లే బస్సులో ఆయన్ని ఎక్కించి ఆసుపత్రికి పంపారు. మా వెనక బస్సు డ్రైవరు దిగివచ్చి మా కారు స్టార్ట్ చేసి పెట్టాడు. యజమాని తనే తోలాడు. రేపల్లె దాకా ఒకటే మాట అంటూ ఉన్నాడు: "వయసైపోయిందయ్యా, ఏం చేస్తాం."

రేడియో బాగుచేయడం ఎంతసేపు! యజమాని లోపల భోజనానికి కూర్చున్నాడు. నేను బయటికొచ్చి బానెట్టు ఎత్తి మీటరు తగిలించాను. ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చింది. హెడ్‌లైట్లు వేశాను. ముల్లు జారింది. పది, తొమ్మిది, ఇంకా కిందికి. కళ్లముందే ఎదురింటి గోడ మీది వెలుగు ఎర్రబడి కొడిగట్టింది. నా మీటరుకు మాత్రం ఏమీ కాలేదు.

"ఏంటి, మళ్లీ చూస్తున్నావు?" యజమాని చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు.

లైట్లు ఆపేశాను. "ఏం లేదండి. బాగానే ఉంది."

ఎందుకన్నానో చెప్పమంటే చెప్పగలను. అంతమంది ముందు అన్న మాట తప్పని ఒప్పుకుంటే, రేపటి నుంచి కొట్టుకు ఎవరు వస్తారనిపించింది. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. సాయిబు గారిని తీసేశారు. కొత్త డ్రైవరు వచ్చిన వారానికే కారుకు కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఏడెనిమిదేళ్ల తర్వాత మైకుసెట్టు పని మీద బాపట్ల వెళ్లాను. బస్టాండుకు పోతుంటే ఒక ఇంటి అరుగు మీంచి "రేడియో బాబూ!" అని పిలుపు. సాయిబు గారు. కూతురి దగ్గర ఉంటున్నారు. మణికట్టు వంకరగా అతుక్కుంది. పారిపోదామనిపించింది గానీ అరుగు దగ్గరికే నడిచాను. కూర్చోబెట్టి టీ తెప్పించారు.

"మీ పుణ్యమే బాబూ," అన్నారు. "ఆ రోజు మీరు మీటరు పెట్టి చెప్పకపోతే నేనింకా తోలుతూనే ఉందును. చెయ్యి, మతి రెండూ పోయినాయని తెలియకుండా ఎవరినో ఒకర్ని బండి కింద పెట్టేసేవాణ్ణి. మా అల్లుడు ఇప్పుడు లారీ తోలుతున్నాడు. వాడికీ అదే చెబుతుంటానండి. బండి తేడాగా ఉందనిపిస్తే నీ బుర్రని నమ్మబాకు, మీటరు ఏం చెబితే అదే నమ్ము అని."

టీ గ్లాసు కింద పెట్టాను. ఆయన ఒక్కరి విషయమైతే, నిజం చెబుతున్నాను, టీ తాగి లేచి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ లారీ కూడా నా మాట మీదే తిరుగుతోంది.

"అలా చెప్పకండి సాయిబు గారూ," అన్నాను. "ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు. రేపల్లె వెళ్లాక లైట్లేసి చూశాను. బ్యాటరీ పోయింది. మీరు చెప్పిందే నిజం."

"రేపల్లెలోనా?"

"అవునండి."

"ఆ రోజేనా?"

"ఆ రోజేనండి."

ఆయన వంకర మణికట్టును ఎడం చేత్తో తడిమి చూసుకున్నారు. కోప్పడతారేమోనని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే ఆనాటికి నేను ముసలివాణ్ణి కాలేదా బాబూ?"

"కాలేదండి."

ఎవరొచ్చారని లోపల్నుంచి కూతురు అడిగింది. "అల్లుడు రాగానే ఓసారి నా దగ్గరికి పంపమ్మా," అన్నారు ఆయన.