మా బావమరిది బిగించిన షాకబ్జర్లు

మా ఇంట్లో మా బావమరిది పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని కట్టడి చేసింది నేనే. దాని వెనక ఒక అబద్ధం ఉంది. ఏళ్ళ తరబడి అది గుండెల మీద తిరగలిరాయిలా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది మండపేట. బియ్యం వ్యాపారం. నాకు కోపం ఎక్కువ, ఎత్తు తక్కువ. రెండోదాన్ని చూసి ఎవరైనా నవ్వితే మొదటిది ఆగదు. పెళ్ళయిన కొత్తలో దూరప్రయాణాల కోసం పెద్ద మోటార్‌సైకిల్ కొన్నాను. మా ఆవిడను ఎక్కించుకుంటే వెనక భాగం కుంగిపోయేది, ప్రతి గోతికీ ఆవిడ నడుం అదిరేది. ఆవిడ తమ్ముడు శీనుకు ఊళ్ళోనే మెకానిక్ షెడ్డు ఉండేది. మంచి గట్టి షాకబ్జర్లు తెప్పించి తనే బిగించాడు. వాటి స్ప్రింగుల దగ్గర ఒక్కో రింగు ఉంటుంది. అది తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, లేదా వదులవుతుంది. ఇద్దరం కూర్చుంటాం కాబట్టి రెండు వైపులా సమానంగా, గట్టిగా బిగించి ఇచ్చాడు.

బండి బాగా నడిచింది. కానీ వెనక లేచింది, సీటు ఎత్తయింది. పెట్రోలు బంకు దగ్గర ఆపబోతే నా కాలు నేలకు అందలేదు. బండితో సహా పక్కకు పడ్డాను. జనం చూశారు. ఆ సంగతి విని శీను పకపకా నవ్వి, ఈసారి బావగారికి ఒక పీట కూడా పట్టుకెళ్ళమని వాళ్ళక్కతో అన్నాడు. బావను ఆటపట్టించే హక్కు బావమరిదికి ఎలాగూ ఉంటుంది. ఆవిడా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు, రింగులు వదులు చేశాను. ఎడమది పూర్తిగా వదులైంది. కుడిది తిప్పుతుంటే సైలెన్సర్ అడ్డొచ్చి సగంలోనే ఆగింది. చాల్లే అనుకున్నాను. కాళ్ళు నేలకు ఆనాయి. శీనుకు చెప్పలేదు. చెబితే మళ్ళీ నవ్వుతాడు. ఇంత చిన్న కారణమా? అవును, ఇంతే.

మర్నాడు మా ఆవిడతో, రెండు నిండు సంచులతో పిఠాపురం గుడికి బయలుదేరాను. కాలవ వంతెన దిగుతుంటే వెనక భాగం ధన్‌మని పూర్తిగా కుంగి, చక్రం మడ్‌గార్డుకు రాసుకుంది. బండి నా చేతుల్లోంచి గుంజుకుపోయింది. ఆవిడ ఎగిరి వంతెన గోడకు కొట్టుకుంది. మోకాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆ అరుపు గురించి నేను రాయలేను.

ఆవిడను ఆపరేషన్‌కు తీసుకెళ్ళాక, బట్టల కోసం ఇంటికొచ్చాను. బండిని అప్పటికే వ్యానులో తెచ్చి వాకిట్లో దింపారు. శీను రింగు తిప్పే ఇనుప స్పానర్ పట్టుకుని, దాని పక్కన కూర్చుని, రెండు వైపులా మార్చి మార్చి చూస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“బావగారూ, ఇవి నేను బిగించినట్టు లేవండి. రెండూ రెండు రకాలుగా ఉన్నాయి. మీరేమన్నా తిప్పారేంటండి?”

అందులో నింద లేదు. భయపడుతూ అడిగాడు. నేను స్పానర్ లాక్కుని మూతి మీద కొట్టాను.

ఇక్కడ నిజం చెప్పాలి. అందరూ అనుకున్నట్టు భార్య మీద ప్రేమతోనో, కడుపు మండిపోయో కొట్టలేదు. వాడు సరైన ప్రశ్న అడిగాడు కాబట్టి కొట్టాను. రెండోసారి అడగకుండా ఉండాలని కొట్టాను. పన్ను ఊడి గచ్చు మీద పడింది. అడ్డం పెట్టిన చేతి మీద కొట్టాను. వేళ్ళు విరిగిన చప్పుడు విన్నాను. విన్నాక కూడా కొట్టాను. వాడు తిరిగి చెయ్యెత్తలేదు, అక్క మొగుణ్ణని. పక్కింటివాళ్ళు వచ్చి నన్ను పట్టుకుంటే, వీడు నా పెళ్ళాన్ని చంపబోయాడు, రింగులు ఎలా బిగించాడో చూడండి అని అరిచాను. అందరూ వంగి చూశారు. ఒకటి పైకి, ఒకటి కిందికి. నేను చేసిన పనే వాడి మీద సాక్ష్యమైంది.

ఆస్పత్రిలో ఆవిడకూ అదే చెప్పాను. శీను చేతికి కట్టుతో వచ్చి, పన్ను ఊడిన నోటితో, తను కాదని ఎంత మొత్తుకున్నా ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. నన్నే నమ్మింది. వాడి వేళ్ళు మళ్ళీ సరిగా ముడుచుకోలేదు. షెడ్డు మూసేసి ధవళేశ్వరం వెళ్ళిపోయాడు. అక్కడ ఏదో కొట్లో పనిచేస్తున్నాడని విన్నాను. ఆవిడ ఇప్పటికీ కుంటుతుంది. నొప్పి చేసినప్పుడల్లా తమ్ముణ్ణి తిట్టుకుంటుంది, తిట్టుకుని ఏడుస్తుంది. పక్కన కూర్చుని ఆ మోకాలికి మందు రాసేది నేను. ఎలా రాయగలుగుతున్నాను?

కుమిలిపోతున్నానని మీరు అనుకోవచ్చు. అది కూడా పూర్తిగా నిజం కాదు. ఇది రాస్తుంటే కూడా వాడు ఎందుకు నవ్వాడు, ఎందుకు అడిగాడు అని పిడికిలి బిగుసుకుంటోంది. ఇంత జరిగాక కూడా! రింగులు తిప్పింది నేనే. ఈ మాట రాయడం ఇదే మొదలు. రాశాక ఊపిరి కాస్త ఆడింది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా వాడి వేళ్ళు తిరిగి రావు.

మా పాపకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టిస్తారు కదా. మా ఆవిడ తన పెదనాన్న కొడుకును పిలుద్దామంటోంది. ఆ మాట అని, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇవాళ శీనునే పిలవమని చెబుతాను. ఎందుకని అడుగుతుంది. ఈసారి అడిగిన మనిషిని కొట్టను.